ఆ గది తెరవకండి

వదినగారికి నమస్కారం.

ఫోన్‌లో మీ గొంతు వింటే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. దారంతా ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. మలుపు తిరిగినప్పుడల్లా మీ తమ్ముడు కారు ఆపి, "అదిగో, చూడు" అంటారు. నేను చూస్తాను. రాత్రికి ఒడ్డున ఆయన వేసిన గుడారం మాత్రం వంకరగా నిలబడింది. "ఊరందరికీ తలుపులు బిగిస్తారు, ఇదేంటండీ" అంటే, "గుడ్డకి చిత్రిక పట్టలేను కదే" అని నవ్వారు. పాప పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

నిన్న ఇంటికి పోదామంటే, ఇంకో రెండు రోజులు ఉందామన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు. మేం వచ్చేలోగా మీరు పాప గది ఖాళీ చేయిస్తున్నారట. ఉయ్యాల ఎవరికో ఇచ్చేస్తారట. నా కంట పడకూడదనే కదా, నాకు కోపం లేదు.

కానీ వదినా, ఆ మాట చెప్పి ఆయన నీళ్లు తెస్తానని వెళ్లారు. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. కుళాయి విప్పి వదిలేసి, ఆ చప్పుడు చాటున ఏడుస్తున్నారు. పాప పోయినప్పుడు ఇంటికొచ్చిన వాళ్లంతా నన్ను ఓదార్చారు, ఆయన చేత కుర్చీలు వేయించారు.

ఆ ఉయ్యాల ఆయన చేసింది. ఇవ్వాల్సి వస్తే ఆయన చేత్తోనే ఇవ్వనివ్వండి. మన ఊరు వస్తున్న బస్సు డ్రైవరుకి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అందేసరికే ఇచ్చేసి ఉంటే, నాకు గుమ్మంలోనే చెప్పండి. ఆయన కంటే ముందు నేను ఆ గదిలోకి వెళ్తాను.

మీ మరదలు