పదో గొట్టం జింక

జింకల కాపలాదారు గారికి,
ఉప్పు తాళ్ళు జింకల చేత నమిలించి, పిండిన లాలాజలం పది గొట్టాల్లోనూ నింపి పంపారు, సంతోషం. పోయినసారి ఒక గొట్టం ఖాళీగా ఉందని పెట్టె మొత్తం తిప్పి పంపాం. మా రూలు అలాంటిది. తొమ్మిది జింకలకు ఏ జబ్బూ లేదు. పదోదానికి క్షయ ఉంది. దాని వివరాలు వెంటనే రాయండి.
ఇట్లు,
ల్యాబు డాక్టరమ్మ

తా.క.: దాని దగ్గరికి వెళ్ళకండి.

డాక్టరమ్మ గారికి దండాలు.
మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పదోది మగది. వయసు మళ్ళింది. రెండు నెలలుగా దగ్గుతోంది, ఒళ్ళు సగమైంది. మందలో కలవదు. ఒక్క ఆడదానితోనే ముప్పై ఏళ్ళుగా కాపురం. నోరులేనిది, దాన్నేమీ చేయకండి.
తమ విధేయుడు,
కాపలాదారు

తా.క.: దాని దగ్గరికి వెళ్ళకుండా ఉండడం నా వల్ల కాదండీ.

కాపలాదారు గారికి,
జింక ముప్పై ఏళ్ళు బతకదు. మీరు దాన్ని ముద్దుగా పెంచుకుంటూ వెనకేసుకొస్తున్నారని మా పైఅధికారి అనుమానం. మందకు అంటకముందే కాల్చక తప్పదు. సోమవారం తుపాకీవాళ్ళు వస్తారు, మీరే చూపించాలి.
ఇట్లు,
డాక్టరమ్మ

తా.క.: ఐస్ పెట్టె పంపుతున్నాను. ఊపిరితిత్తులు అందులో పెట్టి పంపండి.

డాక్టరమ్మ గారికి,
తుపాకీవాళ్ళు వచ్చి పదోదేదని అడిగారు. నేనేనన్నాను. నవ్వారు. దగ్గాను. అందరూ పది అడుగులు వెనక్కి జరిగారు.

తాళ్ళు నమిలించిన రోజు తొమ్మిది జింకలే వచ్చాయండీ. పెట్టె మళ్ళీ తిరిగొస్తే ఉద్యోగం ఊడుతుందని పదో తాడు నేనే నమిలాను. తర్వాత చెప్పడానికి భయమేసింది. మా ఆవిడకు ఎక్కడ అంటించానోనని అంతకంటే భయమేసింది. ఆసుపత్రిలో ఇద్దరికీ పరీక్ష చేశారు. తనకేం లేదట. వినగానే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. నాకు ఆర్నెల్లు మందులు, నయమవుతుందట. మా ఆవిడ మాత్రం, "పెళ్ళయ్యాక నన్నడక్కుండా మీరు చేసిన ఒకే ఒక్క పని తాడు నమలడమా?" అంది. ఐస్ పెట్టె ఖాళీగానే తిప్పి పంపుతున్నాను, మన్నించండి.
తమ విధేయుడు,
కాపలాదారు

తా.క.: నా జబ్బు జింకలకు అంటుతుందేమోనని నన్ను అడవిలోకి రానివ్వడం లేదు. నేను కంచె దాటకుండా చూడ్డానికి కొత్త కాపలాదారును పెట్టారు. మనిషి చాలా గట్టివాడు.