దివ్యశ్రీ వద్దన్న ఆక్సిజన్

జూన్ 11

నిమ్మతోటలో మా ఆయన సందీప్ నీళ్లనుకుని సీసాలో పోసి పెట్టిన గడ్డిమందు గుక్కెడు తాగాడు. వెంటనే ఉమ్మేశాడట, కొంచెం లోపలికి పోయింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు ఆస్పత్రికి పంపారు. ఇక్కడ డ్యూటీ నర్సు దివ్యశ్రీ. ఆయన మేనమామ కూతురు. నాకంటే ముందు ఆయనకు అనుకున్న పిల్ల.

జూన్ 12

దీనికి విరుగుడు లేదన్నాడు డాక్టరు. ముందు కిడ్నీలు, తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతింటాయట. ఆయన మాత్రం లేచి కూర్చుని నవ్వుతున్నాడు, దివ్యశ్రీతో. నాతో మాట్లాడాలంటే నోట్లో పుండ్లు మంట.

జూన్ 14

పక్క బెడ్ వాళ్లు ఆమెనే భార్య అనుకున్నారు. అత్త కాదనలేదు.

జూన్ 17, ఇంట్లో

మొండికేసి డిశ్చార్జ్ చేయించుకున్నాడు. దివ్యశ్రీ లీవు పెట్టి వెంట వచ్చింది. చల్లని పాలు చెంచాతో పట్టేది ఆమె, వేలికి క్లిప్ పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసేది ఆమె. నేను గిన్నెలు తోముతున్నాను.

ఆయాసపడుతున్నాడు, ఆక్సిజన్ పెడదామన్నాను. వద్దంది. ఈ మందు లోపలికి పోయినవాళ్లకు ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయట. క్లిప్‌లో అంకె బాగా పడిపోతేనే, అదీ ఆస్పత్రిలోనే పెట్టాలంది. కరోనాలో ఊరంతా దానికోసమే ఏడ్చింది. అప్పుడు ప్రాణం నిలిపింది ఇప్పుడు తీస్తుందా? తనకు దక్కనివాడు నాకూ దక్కకూడదని దాని ఏడుపు.

జూన్ 18

బట్టలు తెచ్చుకోవడానికి ఆమె ఆత్మకూరు పోయింది. అత్త మేకల వెంట పోయింది. పక్కింటి కోటేశ్వర్ వాళ్లు కరోనాలో కొన్న ఆక్సిజన్ మిషన్ అడిగి తెచ్చాను. దివ్యశ్రీ తెమ్మందని చెప్పాను, లేకపోతే ఇవ్వరు. సాయంత్రం దాకా పెట్టాను. హాయిగా ఉందన్నాడు. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. ఈ ఇంట్లో ఈరోజే నేను పెళ్లాన్ని.

మిషన్ తీయకముందే దివ్యశ్రీ వచ్చేసింది. చూసింది. గొట్టం తీసేసింది. నన్ను తిట్టకుండా ఆయన వేలికి క్లిప్ పెట్టి అంకె చూసింది. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

జూన్ 20

ఊపిరి అందడం లేదు. మళ్లీ ఆత్మకూరు. ఇంట్లో ఆక్సిజన్ గానీ పెట్టారా అని డాక్టరు అడిగాడు. అత్త పక్కనే ఉంది. నేను ఆయన దుప్పటి సర్దాను.

దివ్యశ్రీ నా వైపు చూసి, "నేనే పెట్టినా సార్" అంది.

డాక్టరు అందరి ముందూ తిట్టాడు. ఆమె తల వంచుకుని నిలబడింది. సందీప్ ఆమెనే చూస్తున్నాడు. ఆ నిమిషంలో కూడా నాకు అసూయే.

జూన్ 22

పోయాడు. స్కాన్‌లో ఊపిరితిత్తులు రెండూ గట్టిపడిపోయాయట. ఆక్సిజన్ పెట్టకపోయినా బతికేవాడో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు.

జూలై 2

పెద్దకర్మ. అత్త దివ్యశ్రీని వాకిట్లోనే ఆపేసింది. మిషన్ పెట్టింది నేనేనని అత్తతో చెప్పాను. నమ్మలేదు. మిషన్ తెమ్మన్నది దివ్యశ్రీయేనని కోటేశ్వర్ చెప్పాడట.

నా తల నిమిరి, "దాన్నెందుకు ఎనకేసుకొస్తావు తల్లీ, నీది మంచి మనసు" అంది.

పెళ్లయిన ఈ నాలుగేళ్లూ ఆ మాట కోసమే ఏడ్చాను.