పై డివిజన్ ఆటలు ఆదివారం

ఓక్‌విల్, కెనడా

చెల్లి గ్రేసుకు,

అక్క దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? రేపల్లెలో వానలు తగ్గాయా? మీ ఆయన సుధాకర్ గారు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? ఫోనులో మాట్లాడితే పక్కన ఎవరో ఒకరు ఉంటారు, తీరిగ్గా చెప్పడం కుదరదు. అందుకే రాస్తున్నాను.

మొన్న ఆదివారం రోజూలాగే చీకటితో లేచి ప్రార్థన చేసుకున్నాను. తెర తీస్తే గడ్డి మీద సన్నగా మంచు. ఇక్కడ చలి ఇలా చెప్పకుండానే వస్తుంది. పొగ తగిలితే అలారం మోగుతుందని కిటికీ ఓరగా తెరిచి ఉప్మాకి రవ్వ వేయించాను. మీ బావ గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డారు. ఆయన తమ్ముడు డేవిడ్ ఆఫీసు పని మీద బర్నబీ నుంచి వచ్చి మా సోఫాలో పడుకున్నాడు. కెజియా మాత్రం ఫోను చూసుకుంటూ కూర్చుంది. ఉప్మా చల్లారిపోతోంది.

"ఏంటమ్మా?" అన్నాను.

"నథింగ్, మమ్మీ."

అది నిలబడి తిని పరుగెత్తే పిల్ల. కూర్చుని కూడా తినడం లేదంటే ఏదో ఉందనుకున్నాను. అడగలేదు.

మా కెజియా ఇక్కడి ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్‌కీపరని నీకు తెలుసు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే పిల్లలే అందరూ. వాళ్ల లీగులో కింది డివిజన్‌లో మొదటి స్థానం వచ్చిన జట్టుకు మరుసటి ఏడు పై డివిజన్‌లో ఆడే అవకాశం ఇస్తారు. చాలా ఏళ్లుగా వీళ్లు కిందే ఉన్నారు. ఈ వేసవిలో మా ఆడవాళ్లం శుక్రవారం ఫోనులో చేరి చేసుకునే ప్రార్థనలో జట్టు పైకి వెళ్లాలనే మనవి కూడా పెట్టాను. పోయిన వారం జట్టు గెలిచింది. పైకి వెళ్లింది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి నేనే కృతజ్ఞత చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. కెజియా తల దించుకుని కూర్చుంది. సిగ్గనుకున్నాను.

ఆరాధన అయ్యాక కింది హాల్లో టీ. సంఘ పెద్ద, ఇంజనీరు ప్రసాద్ గారికీ మా డేవిడ్‌కీ వాదన మొదలైంది. వచ్చే జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆటలు మా పక్కనున్న టొరంటోలోనూ, డేవిడ్ వాళ్ల వైపు వాంకోవర్‌లోనూ జరుగుతాయి కదా.

"మీ స్టేడియంకి పైకప్పే లేదు, ప్రసాద్ గారూ. వానొస్తే అంతే. మాది మీట నొక్కితే మూసుకుంటుంది," అన్నాడు డేవిడ్.

"ఏడాదంతా తడిసే ఊరు మీది, మూత పెట్టుకోక ఏం చేస్తారు? కెనడా మొదటి ఆట మాకే ఇచ్చారు, అది చూడు."

"మొదటిది మీకు. తర్వాతి రెండూ మాకు. ఇంజనీరు గారూ, లెక్క మీరే చూసుకోండి."

"ఆ గొడవెందుకయ్యా, మా కెజియా జట్టు పైకెళ్లింది. మీ బర్నబీలో ఎవరెళ్లారు?"

డేవిడ్ నవ్వి నావైపు తిరిగాడు. "వదినా, మరి పై డివిజన్ ఆటలు ఏ రోజు? మా వైపు ఆదివారం పొద్దున్నే."

"ఇక్కడ శనివారం సాయంత్రాలేగా," అన్నాను.

కెజియా టీ కప్పు కింద పెట్టింది. "అది కింది డివిజన్‌కి, మమ్మీ. పైన ఇక్కడా సండే మార్నింగే."

ప్రసాద్ గారు, "అంటే ఆదివారం ఆరాధన మానడానికి వేసవంతా కలిసి ప్రార్థన చేశామన్నమాట," అన్నారు. డేవిడ్ ఒక్కడే నవ్వాడు.

కారులో కెజియా, "యూ వర్ సో హ్యాపీ, మమ్మీ. రోజూ మా టీమ్ పేరు చెప్పి ప్రార్థన చేస్తుంటే నీకెలా చెప్పను? నేను మానేస్తాలే," అంది. అది మానితే జట్టుకు వేరే గోల్‌కీపరు లేదు. పైకి వస్తామో రామో సోమవారానికల్లా క్లబ్బు లీగుకు చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ కిందే.

మరిచిపోకముందు రాస్తున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు చింతచిగురు కొంచెం పంపు. నేను పనిచేసే పెద్దవాళ్ల హోమ్‌లో పని మామూలే, ఒంట్లో బాగానే ఉంది, బెంగ పడకు. పాస్టరు గారికీ, పెద్దత్తకీ నా వందనాలు చెప్పు. మీ పిల్లలిద్దరినీ నా ప్రార్థనలో తలుచుకుంటున్నాను. మా కోసం మీరూ ప్రార్థించండి.

ఇక ఆ సాయంత్రం సంగతి. కుటుంబ ప్రార్థనకు నలుగురం కూర్చున్నాం.

"వారానికి ఒక్క పూట. అదీ దేవుడికి ఇవ్వలేమా?" అన్నారు మీ బావ.

"షిఫ్టు పడిన ఆదివారాలు నువ్వు రాలేదుగా, అన్నయ్యా."

"అది కూటి కోసంరా."

"డాడీ, బాబాయ్, ప్లీజ్. నేను మానేస్తానన్నానుగా," అంది కెజియా.

నేను మోకరించి ప్రార్థన ముగించి లేచాను. "అడిగింది నేను. ఏ రోజని కనుక్కోకుండా అడిగాను. ఆయన ఇచ్చాడు. ఇచ్చినదాన్ని పిల్ల చేత వదిలించలేను," అన్నాను.

మీ బావ బైబిలు మూసి పక్కన పెట్టారు. తర్వాత, "ఆటలు జరిగే ఊళ్లు ఎంతెంత దూరం?" అని కెజియాను అడిగారు. "దూరమైతే నేను డ్రైవ్ చేస్తా. ఒక్కదాన్నే పంపను."

అలా తేలింది. మే నుంచి సెప్టెంబరు దాకా కెజియా ఆడుతుంది. ఆట ఉన్న ఆదివారాల్లో ముగ్గురం అదే చర్చిలో సాయంత్రం జరిగే ఇంగ్లీషు ఆరాధనకు వెళ్తాం. మిగతా నెలలు ఎప్పటిలాగే. వచ్చే ఆదివారం సంఘంలో లేచి నిలబడి ఈ మాట చెప్పేది నేనే.

నీ అక్క,
మేరీ