కొంగ అని రాసిపెట్టాను

1981 జూలై 14, మంగళవారం
ఉదయం ఆరుంబావు. ఇంటి ముందు కొంగబొమ్మ కడుపులో గోరింక గుడ్లు పగిలాయి. లోపల పిల్లల అరుపు. ఎన్నో తెలియదు. తల్లి గోరింక నన్ను చూసి తిట్టింది.
పాత ఇనుము అంగట్లో ఏరుకొచ్చిన పంపుసెట్టు పైపులు కాళ్ళు, సైకిలు స్పోకులు తోక, మూతి విరిగిన కుండ కడుపు. వీపు మీద పెంకు, నీళ్ళకు. పక్షులు ఉండాలనే చేశాను. ఈ గోరింక వచ్చేదాకా ఉడుత తప్ప ఏదీ రాలేదు.

జూలై 16
ఆఫీసు పని మీద తిరువళ్ళూరు కోర్టు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కొంగ మెడలో కదంబం దండ. కుండ కింద సూడం, అదే కర్పూరం, వెలిగించిన మసి. ఎదురింటి కన్నమ్మక్క పని, పూలమ్ముతుంది.
"అది కొంగక్కా."
"తోక ఇప్పుకోని ఉండాది, కొంగంట! తిరుత్తణిలో సామి నెమిలి గాక ఇంకేం నిలబడ్తాదన్నా?"
కర్పూరం పొగ నేరుగా కుండలోకే. తల్లి చీకటి పడేదాకా గూటికి రాలేదు.

జూలై 17
'ఇది కొంగ' — పలక మీద తమిళంలో, తెలుగులో రాసి కట్టాను.

జూలై 18
పలకకూ బొట్టు పెట్టారు.

జూలై 19, ఆదివారం
చుట్టూ ముళ్ళకంప వేద్దామనుకున్నా. సరోజ అన్నం వడ్డిస్తూ — "కావడోళ్ళు వట్టికాళ్ళతో వస్తారు. మీ పక్షి కోసం వాళ్ళ పాదాలు చీరుకోవల్నా?" నిజమే. బొమ్మను కదపడానికీ లేదు. కాళ్ళు సిమెంటులో ఉన్నాయి... కదిపితే తల్లి వదిలేస్తుంది.

జూలై 21
కన్నమ్మక్కను కుండ దగ్గర నిలబెట్టాను. పిల్లల అరుపు విన్నది. పొగకు చచ్చిపోతాయని చెప్పాను.
"అయ్యో! ఇంక నేను ఎలిగించనన్నా. నా మింద ఆన."

జూలై 22
ఆమె వెలిగించలేదు. వీధంతా చెప్పింది — సామి నెమిలి కడుపులో పిల్లలు! పొద్దున్నుంచీ జనం. ఉన్నది చెప్తే సద్దుమణుగుతుందనుకున్నాను.
కడంబత్తూరు నుంచి ఒక జంట. పెళ్ళయి ఆరేళ్ళట, బిడ్డల్లేరు. ఆ అమ్మాయి అరచేతిలో సూడం బిళ్ళ. వెలిగించొద్దమ్మా అన్నాను. పైటచెంగున ముడివేసుకుని వెళ్ళింది.
రాత్రి అన్నం సరిగా తినలేదు నేను.

జూలై 25, శనివారం
ఆఫీసు నుంచి తంతి. రేపు ఆడికృత్తిక, కావళ్ళ పండగ; తెల్లవారుజాము నుంచి నేను కొండ మీద డ్యూటీలో ఉండాలి.
సరోజ — "పండగనాడు సూడం ఆర్పమని నా నోటితో అననండి." అనదు.
కన్నమ్మక్క ఒప్పుకుంది. "నేను కూచుంటాలే. సూడం వద్దు, పూలు పెట్టండని చెప్తా. పూలు నాతావనే ఉండాయి గదా!" నవ్వింది. "పిల్లోళ్ళకీ మేలు, నాకూ మేలు. సుమ్మా పోయి నీ పని చూసుకో."
పిల్లలకు కళ్ళు తెరుచుకున్నాయి. ఈకలు ఇంకా విచ్చలేదు. ఎగరడానికి మరో పది రోజులైనా పడుతుంది.
మొదటి కావళ్ళు మూడు గంటలకే ఈ దారిన వస్తాయి. నేను మూడున్నరకు బయలుదేరాలి. అరక్కోణం నుంచి వచ్చే పూలగంపలు దింపుకుని కన్నమ్మక్క ఇక్కడికి చేరేది నాలుగున్నరకు.