వెనక గదిలో మంచం

డర్బన్, దక్షిణాఫ్రికా,
మంగళవారం.

అమ్మకు, మీ మసౌకో ఇంటి ఓనరుగా మీరెరిగిన లుంగెలో నమస్కరించి రాస్తున్నది. నేను తింటున్నాను, బడికి వెళ్ళి పాఠాలు చెబుతున్నాను. ఆ మేరకు క్షేమం. మీరూ కాస్త తింటున్నారనుకుంటాను.

ఆఖరి రోజు ఎలా గడిచిందని అడిగారు. గురువారానికి మసౌకోకు జ్వరం వచ్చి అయిదు రోజులు. పొద్దున్న మొక్కజొన్న జావ రెండు చెంచాలు తాగాడు. ఊపిరి అందడం లేదు. ఆసుపత్రికి వెళ్దామన్నాను. "ఈ దేశంలో ఉండే పర్మిట్ అడుగుతారు, పట్టుకుని పంపేస్తారు. రేపటికి తగ్గుతుందిలే," అన్నాడు. రెండింటికి నేనే ఎత్తుకెళ్ళి కారులో పడుకోబెట్టాను. పక్కింటాయన నడిపాడు. దారిలోనే పోయాడు. తల నా ఒడిలో ఉంది.

బాధపడ్డాడా అని అడిగారు. పడ్డాడు.

ఇక్కడ భార్య ఎవరైనా ఉంటే పంపమన్నారు, శవపేటిక పక్కన చాప మీద మీతోపాటు కూర్చోబెట్టుకుంటానన్నారు. భార్య లేదు. నేనున్నాను. ఆరేళ్ళ కిందట మేజిస్ట్రేటు ముందు మేమిద్దరం పెళ్ళి చేసుకున్నాం. ఈ దేశంలో మగవాళ్ళిద్దరి పెళ్ళి చెల్లుతుంది. మీ మలావిలో జైలు. అందుకే మీకు ఇంటి ఓనరునయ్యాను.

మీవైపు వాళ్ళెవరు బస్సు దిగి వచ్చినా వెనక గదిలో మంచం వాల్చి, దుప్పటి నలిపి, అతని చొక్కాలు అక్కడ తగిలించేవాళ్ళం. మీరు వచ్చినప్పుడూ అంతే చేశాం. చేతులకు అలవాటైపోయింది.

ఇక, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. నా భర్తగా అతనికి ఇక్కడ ఉండే హక్కు ఇమ్మని అర్జీ పెట్టాం. కాపురం నిజమో కాదో చూడటానికి ఆఫీసు వాళ్ళు చెప్పకుండా వస్తారు. మార్చిలో ఒక ఆదివారం ఒకావిడ, ఒకాయన గేటు తట్టారు. ఆయన మీ చెవా భాషలో పలకరించాడు. మీ ఊరివాళ్ళనుకున్నాం. మసౌకో వెనక గదిలోకి పరుగెత్తాడు. నేను గేటు తీసి, "అతనా? అద్దెకుంటాడు. నెమ్మదైనవాడు," అన్నాను.

ఆవిడ కార్డు తీసి చూపించింది. "అద్దెకుండేవాడి సంగతి తెలిసింది బాబూ. మరి నీ మొగుడేడీ?" అంది.

పెళ్ళి కాగితం చూపించాం, ఫొటోలు చూపించాం. అప్పటికే ఆవిడ మంచం చూసి రాసుకుంది. అర్జీ తిరగ్గొట్టారు. పర్మిట్ గడువు దాటాక మసౌకో వీధి చివర దుకాణానికి కూడా వెళ్ళేవాడు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు గేటు చప్పుడైతే లోపల మంచం ఈడ్చినట్టు వినిపిస్తుంది. వెళ్ళి చూడను.

మా సంగతి తెలిసిన మీ పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. "ఇంటి ఓనరుగా రా అన్నా. ఏడువు, తిను, వెళ్ళిపో. ఇంకో మాట ఎత్తావంటే మా అమ్మ ఈ ఊళ్ళో తలెత్తుకు బతకలేదు," అన్నాడు. అది కాదనలేను. ఫోన్‌లో చెబుదామంటే మీ చుట్టూ జనం. అందుకే మీ చేతికే ఇమ్మని ఈ ఉత్తరం బస్సు డ్రైవరుకిస్తున్నాను. నాకంటే ఒకరోజు ముందు చేరుతుంది. చదివి చింపేయండి. నన్ను ఎక్కడ కూర్చోమంటారో మీరే చెప్పండి. మీ వాకిట్లో మీ మాట దాటను.

రేపు పొద్దున్న ఆరింటికి శవాగారానికి వెళ్తాను. వాళ్ళిచ్చే కాగితం మీ సరిహద్దులో కూడా చూపించాలి. అందులో మృతునికి ఏమవుతారు అన్నచోట భర్త అని రాసి, సంతకం చేసి, అతన్ని తీసుకుని బయలుదేరతాను.

ఇట్లు,
మీ అల్లుడు
లుంగెలో