అమ్మ అందించిన పాట

మద్రాసు, 9-8-1962

అవ్వకు ఎలిశబెతు వందనాలు. అందరం బాగున్నాం, దిగులు పడవద్దు. మన ఇంటి పాటల రెండో రికార్డు నిన్న పాడేశాం. ఏ కంపెనీ పిలవకపోయినా నాయన సొంత డబ్బుతో వేయిస్తున్నాడు గనుక అందరికీ బెరుకే. నాయన హార్మోనియం, అన్న గిటారు వాయించారు. పాట అమ్మదీ నాదీ.

అమ్మ మన గుడిలో లాగానే ప్రతి పాదాన్నీ ముందు వట్టి మాటలుగా చెప్పి అందించి, తరువాతే రాగం ఎత్తుకుంది. రికార్డు చేసే ఆయన ఆపేసి, "ఇక్కడ చదువురానోళ్లు ఎవరున్నారమ్మా, అందియ్యడానికి?" అన్నాడు.

"ఈడ లేకపోతే ఏమయ్యా? పాటపెట్టె ముందర కూచోనేవాళ్లు ఎట్ట అందుకుంటారు?" అంది అమ్మ.

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. కానీ రికార్డు నిండిపోయి, నేను రాసిన చివరి చరణం పట్టలేదు. పులికాటు నీళ్ల మీద పొద్దు వాలే చరణం అది. ఒక్క మాట కుదరక ఎన్నాళ్లు తిరిగానో నీకు తెలుసు.

"రేపు అందియ్యకుండా మళ్లా పాడదాం అమ్మణ్ణీ, నీది కూడా పడతాది" అన్నాడు నాయన. చాలాసేపు ఆలోచించాను. నీకు వచ్చిన పాటలన్నీ అమ్మ అందిస్తే వచ్చినవే గదా. వద్దన్నాను.

బర్రె ఈనిందా? కంట్లో మందు వేసుకుంటున్నావా? గ్రామఫోను కోసం రమణయ్య గారిని ఇప్పుడే అడిగి ఉంచు. ఈ కార్డు చదివి వినిపించే అబ్రహాము మామకు వందనాలు. నా చరణం ఇందులో రాయడం లేదు. వచ్చాక నేనే నీకు అందిస్తాను.

నీ మనవరాలు
ఎలిశబెతు