కాప్టిక్‌లో మాడిన చిక్కుడుగింజలు

సోమవారం, పెద్ద ఉపవాసం మొదలు
ఈస్టర్ దాకా మాంసం లేదు, పాలు లేవు, ఇంట్లో అరబ్బీ లేదు. కాప్టిక్ మాత్రమే! మన ఈజిప్టు క్రైస్తవుల తాతముత్తాతల భాష ఆదివారం పాటలకేనా? సిగ్గుచేటు. చర్చి హాలులో అందరి ముందూ చెప్పేశాను. (డైరీకి మినహాయింపు. డైరీ ఇల్లు కాదు.)

మంగళవారం
పొద్దున్నే "ప్రార్థనకు లేవండి!" అని కాప్టిక్‌లో కేకేశాను. పక్క మీంచి లేవమని నా భావం. చర్చిలో విని నేర్చుకున్న భాష, అంతకన్నా దగ్గర మాట లేదు. కింది వాటా నుంచి వచ్చి కూర్చున్న అత్తగారు లేచి నిలబడి, శిలువ గుర్తు వేసుకుని, చర్చిలో బదులిచ్చినట్టే కాప్టిక్‌లో "ప్రభువా కరుణించు" అంది. టీ అడిగాను. "ప్రభువా కరుణించు." చక్కెర అడిగాను. మళ్ళీ అదే!
భాష బతుకుతోంది!!

గురువారం
మా ఆవిడ దమియానా: "మూగనోము పట్టావా బఖూమ్? ఫ్రిజ్ బాగుచేసేవాడు వస్తానన్నాడా లేదా?"
ఫ్రిజ్‌కి కాప్టిక్‌లో మాటేదీ? నిఘంటువు తిరగేసి "చలి" అన్నాను. దుప్పటి తెచ్చి మొహాన కొట్టింది.

ఆదివారం
కారు ఇల్లు కాదు. కాబట్టి తిట్లు అరబ్బీలోనే. ఆలోచిస్తే బాత్రూమూ ఇల్లు కాదు. బాల్కనీ సగమే ఇల్లు.

మంగళవారం
ఘోరం! దమియానా చిక్కుడుగింజలు పొయ్యి మీద పెట్టి, "ఓ కన్నేసి ఉంచు" అని కిందికి వెళ్ళింది. మాడువాసన. కేకేద్దామంటే "మాడుతోంది"కి మాట తెలియదు. నిఘంటువు తీశాను. పొయ్యి ఆపొచ్చని తోచనే లేదు. మాట దొరికేసరికి గింజలు బొగ్గు. గిన్నె ఆవిడ అమ్మమ్మది.
"నాకు నోరున్న మొగుడు కావాలి!" అని ఏడ్చి, నిఘంటువు లాక్కుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అంటే కింది వాటాకి.

గురువారం
రెండు రోజులైనా రాలేదు. ఇక రాదేమో. భయమేస్తోంది. ఇప్పుడు ఏ భాషైనా మాట్లాడొచ్చు, వినేవాళ్ళేరీ?
సాయంత్రం మెట్ల మీద నిలబడ్డాను. క్షమించమనడం నాకు అరబ్బీలోనే చేతకాదు. పెళ్ళయ్యాక ఒక్కసారీ అన్లేదు. చివరికి పరలోక ప్రార్థనలోంచి ఒక ముక్క కాప్టిక్‌లో అందుకున్నాను: "మా తప్పులు క్షమించు."
ప్రార్థనలో ఆ తర్వాత రావలసిన "మేము క్షమించినట్టే" అన్న ముక్క ఎగ్గొట్టేసి, దమియానా కింద నుంచి కాప్టిక్‌లోనే, "మమ్మల్ని శోధనలో పడేయకు" అంది. వెంటనే అరబ్బీలో: "ఆ శోధనవి నువ్వే!"

శనివారం
వచ్చింది! నేను పొయ్యి దగ్గరున్నాను, ఆవిడ కోసమే గింజలు ఉడికిస్తూ. గుమ్మంలో ఆవిణ్ణి చూసి అలాగే నిలబడిపోయాను.
"మాడుతోంది!" అని అరిచింది. కాప్టిక్‌లో.
వెనక నుంచి అత్తగారు: "ప్రభువా కరుణించు."
సోమవారం నుంచి మళ్ళీ మొదలు. ఈసారి ఇద్దరం! (పొయ్యి ఇల్లు కాదు.)